న్గ్వెన్యా ఎర్రమన్ను గని: 'ప్రపంచంలోనే పాతది' అన్న మాట దేని మీద నిలబడింది?

సంక్షిప్తంగా: ఎస్వాతిని దేశంలోని న్గ్వెన్యా కొండలో ఉన్న లయన్ కావెర్న్ అనే గుహను ప్రపంచంలోనే పాత గనిగా చెబుతారు. 43 వేల ఏళ్ల నాటిదని కొన్నిచోట్ల, 48 వేల ఏళ్ల నాటిదని మరికొన్నిచోట్ల కనిపిస్తుంది. రెండూ కొలిచిన అంకెలే, కానీ కొలిచిన పద్ధతులు వేరు. మనిషి ఎర్రరంగు వాడకం ఇంతకన్నా చాలా పాతది. న్గ్వెన్యాకు ప్రత్యేకత తెచ్చింది రంగు కాదు, రంగు కోసం కొండను పట్టుబట్టి తవ్విన పని. అక్కడికి వెళ్లేవాళ్లకు ముందు కనిపించే పెద్ద గొయ్యి మాత్రం 1964 తర్వాతిది.

ఒకే కొండలో రెండు గోతులు

దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌ల మధ్య ఇమిడిన చిన్న రాజ్యం ఎస్వాతిని. 2018 వరకు దీని పేరు స్వాజీలాండ్. విస్తీర్ణం 17 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే పాత అనంతపురం జిల్లా కంటే చిన్నది. దేశానికి వాయవ్య మూలన, దక్షిణాఫ్రికా సరిహద్దుకు ఆనుకుని ఒక కొండ ఉంది. దూరం నుంచి చూస్తే పడుకున్న మొసలిలా ఉంటుందని దానికి న్గ్వెన్యా అని పేరు. అక్కడి భాషలో ఆ మాటకు మొసలి అనే అర్థం. గనులున్న గట్టును బొమ్వు రిడ్జ్ అంటారు. బొమ్వు అంటే ఎరుపు. రాయి రంగు ఊరికీ కొండకూ పేరుగా మారడం మనకూ తెలిసిన సంగతే.

అయోమయం ఇక్కడే మొదలవుతుంది. 'ప్రపంచంలోనే పాత గని' అని విని వెళ్లినవాళ్లకు మొదట ఎదురయ్యేది మెట్లు మెట్లుగా కోసిన పెద్ద గొయ్యి, దాని అడుగున నిలిచిన నీళ్లు. ఫొటోల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. అది 20వ శతాబ్దపు ఇనుప ఖనిజం గని. రాతియుగపు గని వేరుగా, కొండ వాలు మీద ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల లోతు, బాగా ఎత్తున్న చోట 6 మీటర్ల ఎత్తు ఉన్న ఒక బొరియ లాంటి గుహ. పేరుకు తగ్గ భారీతనం ఆశించి వెళితే నిరాశే. దాని విలువ పరిమాణంలో లేదు.

ఈ ఇనుము ఎక్కడిది?

న్గ్వెన్యా రాళ్లు బార్బర్టన్ శిలాశ్రేణికి చెందినవి. భూమి మీద ఇంకా చెడకుండా మిగిలిన అతి పాత శిలల్లో ఇవి కొన్ని. వయసు 300 కోట్ల ఏళ్లకు పైనే. అప్పటి గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదు. అందుకే సముద్రపు నీటిలో ఇనుము కరిగిన రూపంలో ఉండేది. అది ఆక్సైడ్‌గా మారి అడుగుకు చేరినప్పుడల్లా ఒక పొర ఏర్పడింది. సిలికా పొర ఒకటి, ఇనుము పొర ఒకటి చొప్పున చారలు చారలుగా రాయి తయారైంది. ఓబుళాపురం, బళ్లారి గనుల్లోని ఇనుప రాయి ఇంత పాతది కాకపోయినా అదే జాతిది. తర్వాత కాలంలో నీరు దిగి సిలికాను కరిగించుకుపోయిన చోట్ల మెత్తని, చేత్తో నలిగే హెమటైట్ అనే ఇనుప ఖనిజం మిగిలింది.

రాతియుగపు మనిషికి కావలసింది ఈ మెత్తని భాగమే. అందులోనూ స్పెక్యులరైట్ అనే రకం ఉంది. అది అభ్రకంలా తళతళలాడుతుంది, నూరితే ఎర్రపొడిలో మెరుపు ఉంటుంది. మామూలు ఎర్రమన్ను చాలాచోట్ల దొరుకుతుంది కానీ ఈ మెరుపు అన్నిచోట్లా దొరకదు.

ఓకర్ అంటే ఇదే: ఇనుప ఆక్సైడ్ కలిసిన రంగు మట్టి లేదా రాయి. తెలుగులో దీనికి పేర్లకు కొదవ లేదు. కావిరాయి, జేగురు, ఎర్రమన్ను, తెలంగాణలో జాజు. మట్టిగోడకు అడుగున పూసిన ఎర్రపట్టె, గుడి ప్రహరీ మీద సున్నం పక్కన కావి చార చూసినవాళ్లెవరికీ ఇది కొత్త పదార్థం కాదు. రంగు వెలవకపోవడానికి కారణం కూడా సులువే. ఇనుము తుప్పు పట్టగా చివరికి మిగిలేది ఈ ఆక్సైడే. గాలి, ఎండ దాన్ని ఇంకా మార్చేదేమీ లేదు. ఆకుపసరు రంగులు నెలల్లో పాలిపోతే, ఎర్రమన్నుతో వేసిన బొమ్మలు రాతిగోడల మీద వేల ఏళ్లు నిలిచాయి.

గుహను గని అని ఎలా తేల్చారు?

కొండల్లో గుహలు సహజంగానే ఏర్పడతాయి. వాటిలో మనుషులు ఉండటం, రాళ్లు ఏరుకోవడం మామూలే. అలాంటప్పుడు లయన్ కావెర్న్‌ను మనిషి తవ్విందని చెప్పాలంటే సాక్ష్యం కావాలి.

1960లలో ఇక్కడ ఆధునిక గని పని మొదలైనప్పుడే పాత తవ్వకాల జాడలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. రేమండ్ డార్ట్, పీటర్ బోమాంట్ వాటిని పరిశీలించారు. దక్షిణాఫ్రికాలో దొరికిన 'టాంగ్ బాలుడి' పుర్రెను మానవ పూర్వీకుడిదిగా 1925లో ప్రపంచానికి చూపించింది ఈ డార్టే. గుహ నేల మీద పేరుకున్న పొరల్లో వాళ్లకు మధ్య రాతియుగపు (ఆఫ్రికా లెక్కలో 'మిడిల్ స్టోన్ ఏజ్') పనిముట్లు పెద్ద సంఖ్యలో దొరికాయి. వాటిలో బరువైన సుత్తిరాళ్లు, గునపాల్లాంటి పిక్‌లు, నరుకుడు రాళ్లు ఉన్నాయి. చాలావరకు డోలరైట్ అనే గట్టి రాతితో చేసినవి. ఆ గుహ గోడల్లో ఉన్నది హెమటైట్. అంటే తవ్వడానికి తగిన రాయిని మరో చోటి నుంచి ఎంచి, మోసుకొచ్చారు. వంట చేసుకుని పడుకునే చోట కనిపించే పనిముట్లకూ వీటికీ పోలిక లేదు. ఇది కార్ఖానా సరంజామా.

ప్రాచీన కాలంలో ఇక్కడి నుంచి దాదాపు 1,200 టన్నుల మెత్తని ఖనిజం తీశారన్న అంచనా ప్రచారంలో ఉంది. పెద్ద అంకెలా అనిపించినా గుహ కొలతలతో సరిచూడవచ్చు. గుహ చదరపు పెట్టెలా ఉండదు కాబట్టి ఖాళీ 300 ఘనపు మీటర్లే అనుకుందాం. మెత్తని హెమటైట్ ఘనపు మీటరుకు 4 టన్నుల చొప్పున లెక్కేసినా 1,200 టన్నులు వస్తుంది. ఇది రఫ్ లెక్కే, కానీ అంచనా గాల్లోంచి పుట్టలేదని చూపడానికి చాలు. అదంతా ఒక తరంలో జరిగిన పని కాదు. ఏడాదికి కొన్ని బుట్టల చొప్పున తీసినా వేల ఏళ్లలో కొండకు ఇంత గుంత పడుతుంది.

43 వేలా, 48 వేలా?

వార్తల్లో కనిపించే రెండు అంకెల వెనుక రెండు గడియారాలు ఉన్నాయి.

మొదటిది రేడియోకార్బన్. 1960లలో గుహ పొరల్లోని బొగ్గు ముక్కలను ఈ పద్ధతిలో పరీక్షిస్తే సుమారు 43 వేల ఏళ్లు అని తేలింది. చెట్టు బతికున్నంత కాలం గాలిలోని కార్బన్-14ను తీసుకుంటుంది. చచ్చాక అది ప్రతి 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. ఆ లెక్కన 43 వేల ఏళ్లకు మొదట ఉన్నదాంట్లో 180వ వంతు మాత్రమే మిగులుతుంది. ఇంత తక్కువ మోతాదును కొలిచేటప్పుడు చిన్న కల్తీ కూడా పెద్ద తేడా తెస్తుంది. పాత బొగ్గులో ఒక్క శాతం కొత్త కార్బన్ కలిసినా చాలు, అది లక్ష ఏళ్ల నాటిదైనా సరే, పరీక్షలో 37 వేల ఏళ్లకు మించి చూపదు. నీటి చెమ్మ, మొక్కల వేళ్లు ఆ పని సులువుగా చేస్తాయి. 50 వేల ఏళ్ల దగ్గర ఈ గడియారం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి అప్పట్లో వచ్చిన 43 వేల అంకెను 'కనీసం ఇంత' అని చదువుకోవాలి.

రెండోది కాంతితో నడిచే పద్ధతి. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చే స్వల్ప రేడియోధార్మికతను కొంచెం కొంచెంగా దాచుకుంటాయి. ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. రేణువు మీద కొత్త మట్టి పడి చీకట్లోకి వెళ్లిన క్షణం నుంచి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. లేబొరేటరీలో ఆ నిల్వను వెలుగు రూపంలో బయటికి రప్పించి కొలిస్తే, రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. మట్టి నమూనాకు మామూలు వెలుతురు తగలకూడదు. అందుకని ఈ లేబొరేటరీల్లో మసక ఎర్ర దీపాలు వాడతారు. ఎర్రమన్ను గని వయసు ఎర్ర వెలుగులో తేలడం యాదృచ్ఛికమే.

2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ పద్ధతితోనే లయన్ కావెర్న్ వయసును సుమారు 48 వేల ఏళ్లుగా చూపింది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాండీ మెక్‌డొనాల్డ్ ఆ బృందానికి నాయకత్వం వహించారు. ఇలాంటి తేదీలకు అటూ ఇటూ కొన్ని వేల ఏళ్ల సందేహపు హద్దు ఉంటుంది. పాత అంకె 'కనీసం' కాబట్టి కొత్త అంకె దాన్ని తప్పని కొట్టేయలేదు, వెనక్కి జరిపింది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. తేదీ తేలింది గుహలో చేరిన మట్టికి. ఆ మట్టి చేరడానికి చోటు ముందే ఖాళీ అయి ఉండాలి. అంటే మొదటి దెబ్బ పడిన రోజు ఆ తేదీకన్నా కొంత ముందే ఉండాలి.

'అతి పాత' అన్నది వాడకానికి కాదు, తవ్వకానికి

ఇక్కడ చాలా వార్తలు జారిపడతాయి. మనిషి ఎర్రరంగు వాడటం న్గ్వెన్యాతో మొదలైనట్టు రాసేస్తారు. దక్షిణాఫ్రికా తీరంలోని బ్లాంబోస్ గుహలో సుమారు లక్ష ఏళ్ల కిందటే ఓకర్‌ను నూరి, సముద్రపు గుల్లల్లో కలిపి ఉంచిన సామగ్రి దొరికింది. కెన్యాలోని ఒలోర్గెసైలీలో దాదాపు 3 లక్షల ఏళ్ల నాటి రంగురాళ్లు బయటపడ్డాయి. మన దగ్గర నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉన్న తవ్వకాల్లోనూ, రుద్దిన గీతలున్న ఎర్ర ఓకర్ ముక్క దొరికింది.

వీటికీ న్గ్వెన్యాకూ తేడా ఏమిటంటే, అక్కడ రాయి ఏరుకున్న గుర్తు ఉంది, ఇక్కడ రాయి కోసం కొండలోకి దిగిన గుర్తు ఉంది. ఏరుకోవడానికి ఒక మనిషి, ఒక పూట చాలు. తవ్వాలంటే ఖనిజం ఏ దిక్కున సాగుతుందో తెలియాలి. గట్టి రాయి తేవాలి, పనికిరాని రాయి తీసి పడేయాలి. ఎక్కడ తవ్వాలో పిల్లలకు చూపించాలి. మిగతా ఖండాల్లో దొరికిన ప్రాచీన ఓకర్ గనులు దీనికన్నా చాలా తర్వాతివి. గ్రీస్‌లోని థాసోస్ దీవిలోది సుమారు 20 వేల ఏళ్ల నాటిది, అమెరికా వయోమింగ్‌లోని పవర్స్-2 సుమారు 13 వేల ఏళ్ల నాటిది. అయితే 'అతి పాత గని' అన్నది ఇప్పటివరకు తెలిసినవాటిలో అనే అర్థంలోనే చెల్లుతుంది. గనికి స్వభావరీత్యా ఒక శాపం ఉంది: తర్వాత వచ్చినవాళ్లు అదే చోట మళ్లీ తవ్వి పాత జాడను తుడిచేస్తారు. ఇంతకన్నా పాత గనులు ఉండి, అలా మాయమై ఉండొచ్చు.

ఇంత ఎర్రమన్ను దేనికి?

ఒకే సమాధానం వెతకడం వల్ల ఈ ప్రశ్న చిక్కుపడింది. గుహల్లో బొమ్మలు వేయడానికే అనుకోవడం సహజం. కానీ 1,200 టన్నులను బొమ్మలు ఖర్చు చేయలేవు.

పనికొచ్చే ఉపయోగాలు కొన్ని ప్రయోగాల్లో రుజువయ్యాయి. డర్బన్‌కు ఉత్తరాన ఉన్న సిబుడు గుహలో దాదాపు 70 వేల ఏళ్ల నాటి రాతి మొనల మీద ఓకర్, చెట్టుబంక కలిసిన మరక కనిపించింది. బంకలో ఓకర్ పొడి కలిపితే మొన పిడికి గట్టిగా పడుతుందని పురావస్తు పరిశోధకురాలు లిన్ వాడ్లీ స్వయంగా చేసి చూపారు. ఉత్త బంక ఎండితే పెళుసు బారుతుంది, తడిస్తే వదులవుతుంది. పొడి దాన్ని నిలబెడుతుంది. చర్మం మీద పూస్తే ఎండ తీవ్రతను కొంత ఆపుతుంది. నమీబియాలోని హింబా మహిళలు వెన్నలో ఎర్ర ఓకర్ కలిపి ఒంటికీ జడలకూ పూసుకోవడం ఇప్పటికీ ఉంది. వాళ్లు దాన్ని అందంగా భావిస్తారు, అది చర్మాన్నీ కాపాడుతుంది. రెండింటినీ విడదీసి 'అసలు కారణం ఏది?' అని అడగడం, నుదుటి కుంకుమ అందానికా, ఆచారానికా అని అడగడం లాంటిదే.

అవసరానికి మాత్రమే అయితే దగ్గర్లో దొరికిన ఎర్రమన్ను సరిపోయేది. మెరిసే స్పెక్యులరైట్‌ను వెతుక్కుంటూ కొండను తొలిచారంటే, పైకి కనిపించే తీరుకు విలువ ఉందనే అనుకోవాలి. ఎస్వాతినిలో వైద్యం, సోదె చెప్పే సంప్రదాయ గురువులు జుట్టుకు ఎర్ర ఓకర్ పట్టించడం నేటికీ కనిపిస్తుంది. 48 వేల ఏళ్ల నాడు కూడా అదే అర్థం ఉండేదని దీన్నిబట్టి చెప్పలేం. అంత కాలం ఒకే జనం, ఒకే నమ్మకం నిలిచి ఉండటం అసాధ్యం. అదే కొండ, అదే రంగు మాత్రం వేర్వేరు జనాలకు మళ్లీ మళ్లీ అవసరపడ్డాయి.

2024 అధ్యయనం ఈ ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకుంది. ఎందుకు వాడారన్నది వదిలి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందని అడిగింది. ప్రతి గనిలోని ఓకర్‌లో ఇనుముతో పాటు అతి స్వల్పంగా ఇతర మూలకాలు ఉంటాయి. వాటి పాళ్లు ఆ చోటికి వేలిముద్రలా పనిచేస్తాయి. ఎస్వాతినిలోని 15 రాతియుగపు చోట్ల నుంచి తెచ్చిన 173 నమూనాలను ఇలా సరిపోల్చారు. మనుషులు ఎక్కువగా తమకు దగ్గరలోని రాయినే వాడినా, ఏ రకం ఎక్కడ దొరుకుతుందో, ఎలా తీయాలో అన్న ఎరుక వేల ఏళ్ల పాటు తరం నుంచి తరానికి అందిందని పరిశోధకులు తేల్చారు.

13 ఏళ్లలో రెండు కోట్ల టన్నులు

రాతియుగం తర్వాత కొండకు రెండో జీవితం ఇనుముతో వచ్చింది. 5వ శతాబ్దం నాటికే ఇక్కడ బాంటూ భాషల జనం ఖనిజాన్ని రంగు కోసం కాక, కరిగించి ఇనుము తీయడానికి తవ్వుతున్నారు. అప్పటికీ గుంతలు చిన్నవే.

మూడో జీవితం 1964లో మొదలైంది. అప్పటి స్వాజీలాండ్ ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఖనిజం పంపే ఒప్పందం కుదిరింది. సముద్రం లేని దేశం కాబట్టి మొజాంబిక్‌లోని లొరెన్సో మార్కెస్ రేవు, అంటే ఇప్పటి మపుటో, దాకా చేరడానికి రైలు మార్గం వేశారు. దేశానికి తొలి రైలు వచ్చింది ఈ గని వల్లే. 1977లో తవ్వకం ఆగేసరికి సుమారు 2 కోట్ల టన్నుల ఖనిజం బయటికి వెళ్లింది. రాతియుగపు 1,200 టన్నులతో పోలిస్తే దాదాపు 17 వేల రెట్లు, అదీ 13 ఏళ్లలో. లయన్ కావెర్న్ వెలుగులోకి వచ్చింది ఈ తవ్వకాల పుణ్యానే, మిగతా గట్టు కరిగిపోయిందీ వీటి వల్లే.

2011లో కథ మళ్లీ కదిలింది. 1960లలో పనికిరాదని పక్కన పోసిన తక్కువ రకం ఖనిజపు గుట్టలకు, ఇనుము ధర పెరిగాక విలువ వచ్చింది. భారతదేశానికి చెందిన ఒక కంపెనీ వాటిని శుద్ధి చేసి ఎగుమతి చేసే పని చేపట్టింది. 2014లో అంతర్జాతీయ ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఏడాదే పని ఆగిపోయింది.

వారసత్వ హోదా విషయంలోనూ ఒక గందరగోళం ఉంది. న్గ్వెన్యా యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశమని రాసే వెబ్‌సైట్లు కనిపిస్తాయి. 2008 చివర్లో అది చేరింది తాత్కాలిక జాబితాలో. ఇది 'ముందు ముందు ప్రతిపాదిస్తాం' అని ఆ దేశమే ఇచ్చుకునే పేర్ల పట్టిక. 2018లో గుర్తింపు పొందిన బార్బర్టన్ మఖోంజ్వా పర్వతాలు భౌగోళికంగా ఇదే శ్రేణి అయినా, ఆ గుర్తింపు దక్షిణాఫ్రికా వైపు భాగానికే.

వెళ్లేవాళ్లు చూసేదేమిటి?

గని మలొలోజా ప్రకృతి రక్షిత ప్రాంతం పరిధిలో ఉంది. రాజధాని ఎంబబానే నుంచి, దక్షిణాఫ్రికా వైపు ఓషుక్ సరిహద్దు నుంచి కూడా దగ్గరే. జొహన్నెస్‌బర్గ్ నుంచి కారులో కొన్ని గంటల ప్రయాణం. గైడ్ తోడు లేకుండా గుహ దగ్గరికి పంపరు. వాలు మీద నడక తప్పదు. ఎత్తైన ప్రాంతం కావడంతో పొగమంచు తరచుగా దిగుతుంది, అక్టోబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నపు ఉరుముల వానలు మామూలే.

గుహలో విగ్రహాలు, బొమ్మలు ఏమీ లేవు. చూడవలసింది గోడ. సహజంగా అరిగిన గుహలో అంచులు నున్నగా ఉంటాయి. ఇక్కడ మెత్తని ఖనిజం ఉన్న చోట లోపలికి వెళ్లి, గట్టి రాయి తగిలిన చోట ఆగిన తీరు కనిపిస్తుంది. గైడ్ ఒక ముక్కను అరచేతి మీద రుద్ది చూపిస్తే పైకి ఉక్కు రంగులో ఉన్న రాయి ఎర్రటి గీత గీస్తుంది, ఆ గీతలో చిన్న చిన్న మెరుపులు ఉంటాయి. నీళ్లతో కడిగినా వేలి గీతల్లోంచి అది ఒక పట్టాన వదలదు.

ఆ ముక్కను జేబులో వేసుకుని రావడానికి అనుమతి లేదు. రాయికి కొరత వచ్చి కాదు. ఓకర్ ముక్కకు వేలిముద్ర ఉన్నా, అది ఏ పొరలో, ఏ పనిముట్టు పక్కన పడి ఉందో తెలిసినంత వరకే దాని వయసు చెప్పగలరు. చోటు మారిన ముక్క మళ్లీ ఉత్త కావిరాయే.